భయం తాగిన సీసం

లెష్నిత్సా,
1876 మే 17, సోమవారం (మా చర్చి లెక్క ప్రకారం).

తాలూకా అధికారి కైమకాం గారి సముఖమునకు,

విషయం: మా నాయనమ్మ కెరానా సీసం కరిగించిందన్న నేరంపై ఠాణాలో ఉన్నందున, రేపు ఉదయం ఆమెను ఫిలిబె పట్నం కోర్టుకు పంపే బండి ఎక్కించక ముందే, ఆమె చేసే పని ఏమిటో తమరు స్వయంగా చూడవలెనని కోరుట గురించి.

అయ్యా,

ఈ రోజు తెల్లవారుతూనే మా తలుపు తట్టినది జవాను ఇద్రిజ్. పోయిన వారం మా నాయనమ్మ చేతులు కట్టి తీసుకుపోయిన ఇద్దరు జవానులలో సదరు ఇద్రిజ్ ఒకడు. తలుపు సందులోంచి ఆ టోపీ కనబడగానే మా చెల్లెలిని పిండి తొట్టె వెనుక కూర్చోబెట్టి, మళ్ళీ ఎవరిని తీసుకుపోవడానికి వచ్చారో అనుకుంటూ గడియ తీశాను. అతని చేతిలో తుపాకీ లేదు. భుజం మీద కంబళిలో చుట్టిన కూతురు ఉంది. ఆ పిల్లకు నాలుగేళ్ళు ఉంటాయి, పేరు ఫెరిదే.

"మీ అవ్వ ఉందా?" అన్నాడు.

"మీరే కదా తీసుకుపోయారు," అన్నాను.

అతను గడప మీదే కూలబడ్డాడు. "తెలుసమ్మా. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కూడా ఈ గడపకే తెచ్చేది."

ఈ అర్జీ రాయాలన్న ధైర్యం ఆ మాటతో వచ్చింది. అర్జీ ఎలా ఉండాలో మా లూకాన్ మాస్టారు బడిలో నేర్పారు. ముందు విషయం, తర్వాత సంగతులు అంకెల వరుసలో, చివర ప్రార్థన. ఏడుపు ఎక్కడా ఉండకూడదన్నారు. ఆ ప్రకారమే రాయడానికి ప్రయత్నిస్తాను. తమ దుబాసీ గారు దీన్ని తమకు చదివి వినిపించేటప్పుడు ఏ అంకెనూ దాటవేయవద్దని మనవి.

1. అర్జీదారు పేరు పెట్కానా. వయస్సు పదిహేను. ఈ ఊరి ఆడపిల్లల బడిలో పై తరగతి చదువుతూ ఉండేదాన్ని. ఆడపిల్ల కచేరీకి అర్జీ పెట్టడం మర్యాద కాదని తెలుసు. అయితే మా నాన్న ఏప్రిల్ 29, గురువారం నాడు చర్చి గోడ దగ్గర మరణించారు. మా అన్నను గొలుసు వేసి నడిపించుకుపోయారు; ఎక్కడ ఉన్నాడో సర్కారు వారికి తెలిసి ఉండవచ్చు, మాకు తెలియదు. మా అమ్మ అంతకు చాలా ఏళ్ళ ముందే పోయింది. ఇంట్లో కలం పట్టగలిగినదాన్ని నేనొక్కతెనే.

2. పైన ఉదహరించిన గురువారానికి ముందు జరిగినదానిని ఏ పేరుతో పిలవాలో నాకు తోచలేదు. తమ దండోరాలో 'అల్లరి' అన్నారు. అల్లరి అంటే బడి వదిలిన తర్వాత పిల్లలు చేసేది. మా వాళ్ళు ఇంకొక మాట అనేవారు. అది రాస్తే ఈ కాగితాన్ని చదవకుండానే పక్కన పడేస్తారని భయం. కాబట్టి 'ఆ తొమ్మిది రోజులు' అని రాస్తున్నాను.

ఆ తొమ్మిది రోజులు ఒక మంగళవారం గంటలతో మొదలయ్యాయి. మా చర్చి గంట అంతసేపు ఆపకుండా మోగడం నేనెన్నడూ వినలేదు. వీధుల్లో మగవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకొని ఏడ్చారు. ఆడవాళ్ళు అప్పటికే వారాల తరబడి రొట్టెలు కాల్చి, ముక్కలు కోసి, ఎండబెట్టి సంచులు నింపి ఉంచారు. అన్ని రొట్టెలు ఎవరికని నేను అడిగితే మా నాయనమ్మ "పెళ్ళికి" అంది. "ఎవరి పెళ్ళి?" అన్నాను. "అదే నాకూ తెలియడం లేదు. పెళ్ళికొడుకులు మాత్రం చాలామంది ఉన్నారు," అంది.

తర్వాత వాన పట్టుకుంది. మా వాళ్ళ దగ్గర ఉన్నవి తాతలనాటి తుపాకులు. మందు తడిసిపోయింది. కొండ మీద తవ్వుకున్న గుంటల్లో మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. పొరుగు ఊళ్ళు కాలుతున్న పొగ ఒకరోజు తూర్పున, ఒకరోజు దక్షిణాన కనబడింది. తొమ్మిదో రోజు తరువాత గురువారం వచ్చింది. ఆ గురువారం గురించి, ఊళ్ళో దిగిన గుర్రపు దండు గురించి తమకు నివేదికలు అందే ఉంటాయి కనుక నేను రాయను.

3. మా నాయనమ్మ వృత్తి భయం తీయడం. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడినా, బాలింత గాలికి జడుసుకున్నా, కుక్క తరిమినా, పిడుగు దగ్గరలో పడినా ఆమె దగ్గరకు తెస్తారు. భయపడిన మనిషిని పీట మీద కూర్చోబెట్టి తల మీద ఎర్ర గుడ్డ కప్పుతుంది. ఇనుప గరిటెలో సీసం వేసి నిప్పుల మీద కరిగిస్తుంది. తల మీద చల్లటి నీళ్ళ గిన్నె పట్టి అందులో ఆ సీసం పోస్తుంది. అది చుయ్యిమని అరిచి ఏదో ఒక ఆకారంలో గడ్డకడుతుంది. ఆ తర్వాత గుండె ముందు, ఆ తర్వాత పాదాల దగ్గర అలాగే చేస్తుంది. మనిషిని భయపెట్టినది ఏదైతే అది ఆ ఆకారంలో కనబడుతుందని నమ్మకం. ఆ సీసం ముద్దను మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకోవాలి. భయాన్ని సీసం తాగేస్తుంది.

ఇది తమకు వివరించనక్కరలేదేమో. నది అవతల తమ మతం వారి పేటలో కూడా ఈ ఆచారం ఉంది. అక్కడ సీసం పోసే ముసలమ్మ ఏనాడో చనిపోయాక వాళ్ళందరూ మా ఇంటికే వస్తున్నారు.

4. ఈ సంగతి రాయవచ్చునా అని చాలాసేపు ఆలోచించాను. లూకాన్ మాస్టారికి ఇక ఎవరివల్లా హాని కలగదు కనుక రాస్తున్నాను.

ఆ తొమ్మిది రోజుల్లో ఆరో రోజున మాస్టారు తడిసిన బట్టలతో మా ఇంటికి వచ్చారు. సీసం పోయడం మూఢనమ్మకం అని మాకు బడిలో చెప్పినవారు ఆయనే. అందుకే మా నాయనమ్మకు ఆయనంటే కొంచెం వెటకారం.

"అవ్వా, నీ దగ్గర సీసం ఉందట కదా."

"ఉంది. నీకేం భయం పట్టిందయ్యా?"

"నాకు కాదు. తుపాకీ గుళ్ళు అయిపోయాయి. కిటికీ అద్దాల అంచుల్లో సీసం కూడా పీకేశాం. నీ సంచి ఇచ్చావంటే ఒక పూట గడుస్తుంది."

"ఇది పనికిరాదు మాస్టారూ. ఊళ్ళో భయమంతా దీంట్లోనే ఉంది. దీన్ని తుపాకీలో పెట్టావనుకో, కాల్చినవాడి చేతులే వణుకుతాయి. భయం తాగిన సీసం మనిషి మీదకు విసరకూడదు. మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుని మరీ నేర్పింది."

మాస్టారు నవ్వారు. "నిన్ను సేనాపతిని చేసి ఉండాల్సింది. యుద్ధమే ఉండేది కాదు."

"నీ చేతులు చూసుకో ముందు. ఆకుల్లా ఆడుతున్నాయి. సంచి ఇవ్వను గానీ, కూర్చో, పోస్తాను."

ఆయన కూర్చున్నారు. మాకు భూగోళం నేర్పిన మనిషి ఎర్ర గుడ్డ కింద తల వంచుకొని కూర్చుంటే నేను గిన్నె పట్టుకున్నాను. ఆయన సీసం ఏ ఆకారమూ కట్టలేదు. ఇసుకలాగా చిన్న చిన్న పూసలై గిన్నె అడుగున చెదిరిపోయింది. "ఏం వచ్చిందవ్వా?" అని అడిగారు. "మబ్బు," అంది మా నాయనమ్మ. "వాన వెలుస్తుంది, వెళ్ళు." ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆ పూసలు కొంగు కిందే దాచుకుంది.

దీన్నిబట్టి తమరు గ్రహించవలసినది ఏమనగా, ఊరు ఊరంతా గుళ్ళకోసం సీసం వెతుకుతున్న రోజుల్లో, సీసం ఉన్న ఒకే ఒక ఇల్లు మాది. ఆ ఇంటి నుంచి ఒక్క గుండు కూడా పోలేదు. భయం తీసిన సీసంతో గుళ్ళు పోయించే మనిషి ఈ నాయనమ్మ కాదు, ఏ నాయనమ్మా కాదు. తమవారి పేటలో ఏ ముసలమ్మను అడిగినా ఇదే చెప్తుంది.

5. గురువారం తరువాత మిగిలిన పిల్లలందరికీ భయం పట్టింది. మా చెల్లెలు గిన్కా, వయస్సు ఆరు, ఆ రోజు నుంచి మాట్లాడలేదు. అంతకుముందు నోరు మూయమంటే మూసేది కాదు. మా నాయనమ్మ పగలంతా సీసం పోస్తూనే ఉంది. సంచిలో సీసం అయిపోయింది, ఎందుకంటే పాత ముద్దలన్నీ పిల్లల తలగడల కింద ఉన్నాయి. అప్పుడు ఆమె కొడవలి తీసుకొని వెళ్ళి, చర్చి గోడలో దిగిన గుళ్ళు ఒక్కొక్కటే పీకి, ఒడిలో వేసుకొని తెచ్చింది. మా నాన్న ఆ గోడ దగ్గరే పడిపోయారని పైన రాశాను. తన కొడుకు చుట్టూ దిగిన గుళ్ళు పీకుతూ ఒకచోట ఆగి, "ఇది లోతుగా పోయింది, పట్టుకో," అని కొడవలి నా చేతికిచ్చింది.

ఆ వారం ఏ పిల్లకు పోసినా గుర్రాలే వచ్చాయి. గిన్కాకు మూడు కాళ్ళ గుర్రం వచ్చింది.

6. సదరు ముద్దను గిన్కా తలగడ కింద రెండు రాత్రులు పెట్టాము. మూడో రాత్రి రాకముందే జవానులు వచ్చి ఇల్లు సోదా చేశారు. గరిటె, చర్చి గోడ గుళ్ళు కొన్ని, ఇంటింటి తలగడల కింద ఉన్న ముద్దలు సంచిలో వేసుకున్నారు. అచ్చు దొరకలేదు. గుండ్రటి గుండు పోయాలంటే అచ్చు కావాలి కదా అని నేను అడిగాను. "దాచారు," అన్నారు. మూడు కాళ్ళ గుర్రం ఏ తుపాకీ గొట్టంలో పడుతుందని అడిగాను. సంచి మూతి కట్టారు.

ఠాణాలో విచారణ జరిగినప్పుడు రొట్టె ఇవ్వడానికి వెళ్ళి నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"సీసం కరిగించావా?" అన్నాడు గుమాస్తా.

"కరిగించాను."

"ఎప్పటినుంచి?"

"మీ నాన్న పాలు తాగే రోజుల నుంచి."

"ఎవరి కోసం?"

"భయపడ్డవాళ్ళ కోసం."

గుమాస్తా రాసుకున్నది: 'ముద్దాయి చిరకాలముగా సీసము కరిగించుచున్నట్లు ఒప్పుకొన్నది.' భయపడ్డవాళ్ళ సంగతి అందులో లేదు.

"వాళ్ళ పేర్లు చెప్పు," అన్నాడు.

మా నాయనమ్మ వేళ్ళు మడుస్తూ మా పేటలోని పిల్లల పేర్లు చెప్పింది. అవన్నీ చకచకా రాశాడు. ఆ పిల్లలంతా ఇప్పుడు కుట్రలో భాగస్వాములని వింటున్నాను. వారిలో ఒకడికి ఇంకా పళ్ళు రాలేదు. తర్వాత ఆమె, "ఇక నది అవతల. రొట్టెల బట్టీ ఆమె. మసీదు పక్కింటి కొత్త కోడలు. ఈ ఠాణా పెద్ద జవాను తల్లి..." అంటుండగా గుమాస్తా కలం కింద పెట్టి సిరా ఆరడానికి కాగితం మీద ఇసుక చల్లాడు.

"చాలు."

"అప్పుడే చాలంటావేం నాయనా, నీ పేరు ఇంకా రాలేదు. బాతు తరిమిందని మీ అత్త నిన్ను చంకనేసుకుని తెచ్చింది కదా."

"కుక్క," అన్నాడు గుమాస్తా.

"బాతే. సీసంలో నేను చూశాను."

జవానులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆమెకు మేలు చేయలేదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే ఆమె పేరు ఫిలిబె పంపే వారిలో చేర్చారు.

7. రెండో నేరంగా, చర్చి గోడలోని గుళ్ళు సర్కారు సొత్తు కనుక వాటిని అపహరించినట్టు రాశారు. దీనికి మా సమాధానం: గోడకు తగిలిన గుళ్ళనే మేము తీశాము. గోడకు తగలని వాటిని ముట్టుకోలేదు. అవి ఎవరికి తగిలాయో వారితోపాటే పాతిపెట్టాము. వాటిని కూడా లెక్క అప్పజెప్పమంటే ఎలా అప్పజెప్పాలో తెలియడం లేదు.

8. ఇప్పుడు ఇద్రిజ్ చెప్పినది. సోదా రోజున సంచిలో వేయవలసిన ముద్దల్లోంచి ఒకదాన్ని, గుర్రంలా ఉంది కదా అని, జేబులో వేసుకొని కూతురికి ఆడుకోవడానికి ఇచ్చాడట. అది వాడిన సీసం అని ఆ క్షణాన తట్టలేదట.

"మూడు రోజులు దాంతోనే ఆడింది. తర్వాత నిద్ర మానేసింది. కళ్ళు మూస్తే గుర్రాలంటుంది. మా ఇంట్లో గుర్రమే లేదు," అన్నాడు.

"మీ పేటకు ఆ గురువారం మంటలు కనబడలేదా?" అన్నాను.

"కనబడ్డాయి."

"వినబడలేదా?"

"వినబడ్డాయి. కిటికీలకు కంబళ్ళు కట్టాం," అన్నాడు.

ఆ పిల్లకు భయం ముద్ద నుంచి వచ్చిందో, కిటికీ నుంచి వచ్చిందో నాకు తెలియదు. మాస్టారు ఉంటే కిటికీ అనేవారు. మా నాయనమ్మ ముద్ద అంటుంది. ఇద్రిజ్ జేబులోంచి మూడు కాళ్ళ గుర్రం తీసి గడప మీద పెట్టాడు. గిన్కా తొట్టె వెనుక నుంచి పాకుతూ వచ్చి దాన్ని తీసుకుంది. ఫెరిదే కంబళిలోంచి తల బయటపెట్టి దాన్ని చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గిన్కా ఏదైనా అంటుందేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు. గుర్రాన్ని తీసుకుపోయి తన తలగడ కింద పెట్టి, పట్టపగలే దాని మీద తల పెట్టి పడుకుంది.

"నన్నేం చేయమంటావు?" అన్నాడు ఇద్రిజ్.

"నాకు సీసం పోయడం రాదు. నాకు వచ్చింది రాయడమే," అన్నాను.

"అయితే రాయి. నేను చెప్పానని రాయి."

పై కారణాలచేత తమరిని ప్రార్థించేది ఏమనగా:

రేపు ఉదయం బండి కదలక ముందు మా నాయనమ్మ కెరానాను కచేరీ ముంగిట్లోకి రప్పించి, చేతుల కట్లు విప్పించి, జవానుల కాపలాలోనే, తమ ఎదుటనే, ఇద్రిజ్ కూతురు ఫెరిదేకు సీసం పోయనివ్వండి. నీళ్ళలోంచి తీసిన ముద్దను తమరే చేతిలోకి తీసుకొని చూడండి. అది తుపాకీలో పెట్టడానికి తయారైన వస్తువని తమకు అనిపిస్తే బండి ఎక్కించండి. నేను ఇంకొక అర్జీ రాయను. అనిపించకపోతే ఆమెను ఇంటికి పంపించండి. ఆమెకు డెబ్బై దాటాయి. ఫిలిబె తీసుకుపోయిన ముసలివాళ్ళలో తిరిగివచ్చినవారెవరూ మాకు తెలియదు. ఇక్కడ ఆమె చేయి కోసం ఎదురుచూసే పిల్లలు నదికి రెండు వైపులా ఉన్నారు.

మరొక చిన్న మనవి. సోదాలో పట్టుకుపోయిన ముద్దలను ఆయుధశాలకు పంపారని విన్నాము. వాటితో గుళ్ళు పోయించవద్దని తమకు చెప్పమని మా నాయనమ్మ ఠాణా కిటికీ నుంచి కబురు చేసింది. కాల్చే జవాను చేతులు వణుకుతాయట. "వాళ్ళూ పిల్లలే కదా, వాళ్ళకూ తల్లులుంటారు," అంది. ఇది బెదిరింపు కాదు. ఆమె బెదిరించేటప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడుతుంది.

ఈ సంగతులన్నీ దయతో చిత్తగించవలెనని, చిత్తగించే తీరిక తమకు బండి కదిలే లోపలే కలగవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు, తమ తాలూకాలో మిగిలిన ఒక విద్యార్థిని,
పెట్కానా

తా.క.: సంతకం చేశాక, చీకటి పడకముందే ఇద్రిజ్ మళ్ళీ వచ్చాడు. అర్జీ మొత్తం చదివి వినిపించాను. ముద్ద జేబులో వేసుకున్నాడన్న చోట, "ఇది ఉంటే మీ కొలువు పోతుందేమో, మీ పేరు కొట్టేస్తాను," అన్నాను. "పేరు లేకపోతే నువ్వు కట్టిన కథ అంటారు. ఉండనీ," అన్నాడు. ఆ తర్వాత, "ఆ రోజు కంబళి కట్టకుండా ఉండాల్సింది," అన్నాడు. దానికి ఏమనాలో ఇప్పటికీ తెలియడం లేదు.

రేపటి ఏర్పాటు ఇది. తొలి కోడి కూయగానే నేను కుంపటి, గరిటె, ఎర్ర గుడ్డ తీసుకొని కచేరీ గేటు దగ్గరికి వస్తాను. గరిటె పొరుగింటిది. గిన్కాను కూడా తెస్తాను, ఒంటరిగా వదలలేను. ఇద్రిజ్ బిడ్డను తెస్తాడు. సీసం ఊళ్ళో ఎక్కడా లేదు కనుక తన నడుము పట్టీలోని తూటాల నుంచి తీసి ఇస్తానన్నాడు.

నీళ్ళు మాత్రం తమరే ఇప్పించవలసి ఉంటుంది. ఈ పనికి బావి నీళ్ళే వాడాలి, మా పేటలో బావి ఒక్కటే. గురువారం నాడు ఆడవాళ్ళు అందులోకే దూకారు. ఆ నీళ్ళు పిల్లల తల మీద పట్టలేము. తమ కచేరీ బావి నుంచి గిన్నెడు మంచినీళ్ళు తోడి గేటు దగ్గర ఉంచమని చెప్పండి. మేము పొద్దున్నే వచ్చేస్తాం.